మైనస్ ముప్ఫై ఒకటి

ఆ సోమవారం ఉదయం డాక్టర్ల విశ్రాంతి గదిలో నవ్వులు ఆగలేదు. గోడమీద కొత్తగా బిగించిన పెద్ద తెర, తెరమీద ఆసుపత్రిలో పనిచేసే నూట నలభై మంది పేర్లు, ఒక్కో పేరు పక్కన ఒక అంకె. అందరికంటే పైన వెన్నెముక సర్జన్ డాక్టర్ అవసరాల శశిభూషణ్, ప్లస్ నలభై రెండు. అందరికంటే అడుగున సోషల్ వర్కర్ ఎస్తేరు, మైనస్ ముప్ఫై ఒకటి.

"సున్నా వస్తుందనుకున్నా. సున్నా కింద కూడా మెట్లుంటాయని ఇవాళే తెలిసింది," అన్నాడు మత్తు డాక్టరు గోపీనాథ్, కళ్ళు తుడుచుకుంటూ.

"నేల తుడిచే సింహాచలానికి ప్లస్ నాలుగు వచ్చిందండీ. ఎస్తేరు గారికంటే ఫినాయిలే నయం," అంది హెడ్ సిస్టర్ ప్రమీల.

"అసలు ఆవిడ చేసే పనేమిటి?" అని అడిగాడు కొత్తగా చేరిన ఫిజియోథెరపిస్టు. బస్సు పాసులకి సంతకాలు పెట్టిస్తుందన్నాడు గోపీనాథ్. చక్రాల కుర్చీలు ఎక్కడెక్కడున్నాయో చూసుకుంటుందంది ప్రమీల. ఏడ్చేవాళ్ళని మన కళ్ళముందు నుంచి పక్కకి తీసుకెళ్తుందన్నాడు డైరెక్టరు మహీధర్. పన్నెండేళ్ళుగా ఒకే కప్పుకింద పనిచేస్తున్న ముగ్గురు మూడు ఉద్యోగాలు చెప్పారు. ఆమె ఉద్యోగం మాత్రం ముగ్గురికీ తెలియదు. తెలియదన్న సంగతి కూడా వాళ్ళకి తెలియదు, అంత నిశ్చింత.

శశిభూషణ్ పెద్దగా నవ్వలేదు. యంత్రం కనిపెట్టినవాడు కాబట్టి కాస్త గంభీరంగా ఉంటే బాగుంటుందని పెదవి చివర మాత్రం నవ్వాడు. "అంకెలకి స్నేహాలూ మొహమాటాలూ ఉండవు," అన్నాడు. ఆ వాక్యం అతను ముందే రాసి పెట్టుకున్నాడు.

మాన్పు అనే ఈ కొలత అతను కనిపెట్టినదే. పుండు మానేటప్పుడు, ఎముక అతుక్కునేటప్పుడు ఒంట్లోంచి ఒక మాంసకృత్తు చెమటలోకి వస్తుందని పదకొండేళ్ళు ప్రయోగశాలలో కూర్చుని తేల్చాడు. పేషెంటు మణికట్టుకి కట్టే పల్చటి పట్టీ నిమిషానికోసారి దాన్ని కొలుస్తుంది. సిబ్బంది మెడలో వేలాడే బ్యాడ్జి ఎవరు ఏ మంచం దగ్గర ఉన్నారో చెబుతుంది. రెండూ కలిపి చూస్తే ఎవరు పక్కనుంటే రోగి మానుతున్నాడో, ఎవరు వస్తే మానడం ఆగిపోతోందో తెలిసిపోతుంది. మందుకి ఉన్నట్టే మనిషికీ ఒక మోతాదు ఉంటుందని అతని సిద్ధాంతం. సిద్ధాంతం నిజమే. నిజమైన సిద్ధాంతాన్ని ఎంత మూర్ఖంగా వాడుకోవచ్చో ఆ ఆసుపత్రి తర్వాత నిరూపించింది.

నవ్వులయ్యాక అందరూ రౌండ్సుకి బయల్దేరారు. నాలుగో అంతస్తులో పద్దెనిమిదో నంబరు మంచం నూకరాజుది. అంబాజీపేట దగ్గర కొబ్బరి దింపు తీసేవాడు. అరవై అడుగుల చెట్టుమీంచి జారిపడి నడుం విరగ్గొట్టుకుని వచ్చాడు. శశిభూషణ్ ఆరు గంటలు ఆపరేషన్ చేసి ఎముకని నిలబెట్టాడు. ఎముక నిలబడింది గానీ దాని లోపలి నరం తెగిపోయింది. ఆ కాళ్ళు ఇక కదలవని శశిభూషణ్‌కి మొదటి వారంలోనే తెలుసు.

"ఎలా ఉన్నావు నూకరాజూ? ఆపరేషన్ సక్సెస్. బ్రహ్మాండంగా మానుతోంది," అని భుజం తట్టాడు.

"ఆయ్, మీ దయండి. కాళ్ళే ఇంకా మొద్దుబారి ఉన్నాయండి. ఎప్పటికి వస్తాయండి?" అన్నాడు నూకరాజు. మంచం పక్కన అతని భార్య లోవకుమారి చేతులు కట్టుకుని నిలబడింది.

"అన్నీ నెమ్మదిమీద. మిగతావి ఎస్తేరు గారు మాట్లాడతారు," అన్నాడు శశిభూషణ్, పక్క మంచంవైపు అడుగు వేస్తూ.

ఆ ఆసుపత్రిలో అదొక ఆచారం. శుభవార్త డాక్టరు చెబుతాడు, మిగతావి ఎస్తేరు గారు మాట్లాడతారు. గర్భసంచి తీసేశారన్నదీ, గడ్డ మళ్ళీ వస్తుందన్నదీ, బిడ్డ బతకడన్నదీ అన్నీ ఆ మిగతాలోకే వస్తాయి. ఆ మాటని ఎవరూ ఎప్పుడూ విప్పి చూడలేదు. ఇప్పుడు యంత్రం చూసింది. డాక్టరు వచ్చి వెళ్ళగానే రోగి ఒంట్లో మాన్పు లేస్తోంది, ఎస్తేరు వచ్చి వెళ్ళగానే ధబీమని పడుతోంది. ఇంతకంటే రుజువేం కావాలి?

నెలరోజులపాటు ఎస్తేరు మంచాల దగ్గరికి రాకూడదని ఆర్డరు తయారైంది. ఆ నెలలో మాన్పు పెరిగితే ఆ పోస్టు రద్దు. ఈలోగా ఆమె గేటు దగ్గర సందర్శకుల పాసులిచ్చే కిటికీలో కూర్చుంటుంది. మెట్లకింద ఆమె గది ఎలాగూ చిన్నదే, యంత్రం తాలూకు సర్వరు పెట్టడానికి సరిపోతుంది. ఆర్డరు మీద సంతకం శశిభూషణ్‌ది.

కాగితం తనే స్వయంగా పట్టుకెళ్ళాడు. అది పెద్దమనసు అనుకున్నాడు. ఎస్తేరుకి యాభై దాటాయి. నీలం అంచు నేతచీర, చేతికి మగవాళ్ళ వాచీ. ఆర్డరు రెండుసార్లు చదివి బల్లమీద పెట్టింది.

"నేను చెప్పేవి ఎవరు చెబుతారండి, సార్?"

"మీరు చెప్పేదేముందండీ? అవసరమైంది మేం చెబుతూనే ఉన్నాం కదా."

ఎస్తేరు అతని మొహంకేసి చూసింది. కోపంగా చూస్తే శశిభూషణ్‌కి బాగుండేది. ఆమె బడిలో మొద్దు పిల్లాణ్ణి చూసినట్టు చూసింది. తర్వాత సొరుగులోంచి అట్ట చిరిగిన పొడుగు నోటుపుస్తకం తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇందులో ఇంకా చెప్పనివి ఉన్నాయండి. పేరు పేరునా రాశాను. పద్దెనిమిదో మంచం నూకరాజుది మాత్రం ఇవాళే చూడండి సార్, దయచేసి."

"తప్పకుండా," అన్నాడు శశిభూషణ్. నోటుపుస్తకాన్ని తన గదిలో సొరుగులో పడేశాడు. దానిమీద మందుల కంపెనీవాళ్ళిచ్చిన క్యాలెండరు పడింది, దానిమీద ఇంకేవో పడ్డాయి.

మర్నాడు పొద్దున్న ఇంట్లో ఇడ్లీ తింటూ ఈ కథంతా భార్యకి చెప్పాడు. వాసంతి కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. మాటలు తక్కువ.

"ఎస్తేరు అంటే ఎర్రగా, పొట్టిగా, వాచీ పెట్టుకుంటారు, ఆవిడేనా?"

"నీకెలా తెలుసు?"

వాసంతి చెంచా కింద పెట్టింది. "మా అమ్మకి క్యాన్సరని చెప్పింది ఆవిడే కదా. నువ్వు చెబుతానన్నావు. ఫోనొచ్చిందని వరండాలోకి వెళ్ళావు, మళ్ళీ రాలేదు. ఆవిడొచ్చి చెప్పారు. అమ్మ ఆవిణ్ణి తిట్టింది, మొహాన నీళ్ళు కొట్టింది. పదింటికి వచ్చిన మనిషి రెండింటిదాకా లేవలేదు. మధ్యలో అమ్మకి తల దువ్వి జడేశారు. ఆ మూడు నెలలూ అమ్మ తన చీరలు ఎవరెవరికివ్వాలో చెప్పుకుంటూ నవ్వుతూ ఉందంటే ఆ రోజు వల్లే."

"అది వేరు."

"ఎందుకు వేరు?"

శశిభూషణ్ ప్లేటు పక్కకి జరిపాడు. ఆ ఫోను ఎవరిదో కూడా గుర్తులేదు. బహుశా ఫోనే రాలేదేమో. చెయ్యి కడుక్కుని, ఆలస్యమవుతోందని కారెక్కాడు. వాసంతి కిటికీలోంచి చూసింది గానీ చెయ్యి ఊపలేదు.

మొదటి వారం గడిచేసరికి ఆసుపత్రిలో మాన్పు ఆరు పాయింట్లు లేచింది. రెండో వారానికి పదకొండు. వార్డుల్లో ఏడుపులు తగ్గాయి. చెడ్డమాట చెప్పేవాళ్ళే లేకపోతే ఏడవాల్సిన అవసరం ఎవరికుంటుంది? మిగతావి ఎస్తేరు గారు మాట్లాడతారన్న మాట మాత్రం అలవాటుకొద్దీ డాక్టర్ల నోటికి వస్తూనే ఉంది. రోగులు ఆవిడకోసం ఎదురుచూసి, ఆవిడ రాకపోయేసరికి మిగతా ఏమీ లేదు కాబోలనుకుని సంతోషించారు. చక్కెర జబ్బుతో వేళ్ళు పోయినవాడు కొత్త చెప్పులకి కొలతలిచ్చాడు. కడుపులో గడ్డ మిగిలిపోయిన ఆవిడ తిరుపతి మొక్కు తీర్చుకోవడానికి టిక్కెట్లు తీయించింది.

వీళ్ళందరిలో మాన్పు బాగా ఉన్నది నూకరాజుకి. ఆర్డరు వచ్చిన ఇరవై రెండో రోజున డిశ్చార్జి చేశారు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో దండ వేసి, శశిభూషణ్ పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు.

"నెమ్మదిగా వస్తాయి కదండీ?" అనడిగింది లోవకుమారి, కారు తలుపు పట్టుకుని.

"ధైర్యంగా ఉండండమ్మా," అన్నాడు శశిభూషణ్. అది అబద్ధం కాదు కదా అనుకున్నాడు. నిజం కూడా కాదు. అతనికి అలాంటి వాక్యాలు ఒక పాతిక వచ్చు.

ఇంటికెళ్ళిన పన్నెండో రోజున నూకరాజు తిరిగొచ్చాడు. స్ట్రెచర్ మీద దుప్పటి తీయగానే ప్రమీల ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుడి మడమ ఎముకదాకా కాలిపోయి, పాదం నల్లబడి, చీలమండ పైకి ఎరుపు పాకుతోంది. ఎడమ అరికాలు కూడా బొబ్బలెక్కింది, కానీ అది దక్కేలా ఉంది.

"ఏం చేశారమ్మా?" అని అరిచాడు శశిభూషణ్.

లోవకుమారి బెదిరిపోయింది. "కాళ్ళు సల్లగా అయిపోతన్నాయండి. రగతం ఆడితే తెలివొస్తాదని ఇటిక కాల్సి, గుడ్డ సుట్టి కాపడం ఎట్టానండి. మా అమ్మకి పచ్చవాతం వత్తే అలాగే సేసేవోళ్ళమండి. సురుకుగా ఉందేంటి, తీసెయ్యమంటావా అని అడుగుతానే ఉన్నానండి. ఈయన నవ్వేడండి. 'తెలుత్తుందే లోవా, ఎచ్చగా తెలుత్తుంది, ఉంచు' అన్నాడండి. తెలిసిందంటే సంబరపడిపోయి, ఇంకో ఇటిక కాల్సి తెచ్చానండి."

శశిభూషణ్ నూకరాజు వంక చూశాడు. నూకరాజు కప్పు వంక చూస్తున్నాడు. తెలియలేదు. ఏమీ తెలియలేదు. భార్య ఆశగా అడుగుతుంటే కాదనలేక తెలిసిందన్నాడు. కాళ్ళు కాలుతున్నంతసేపూ నవ్వుతూ కూర్చున్నాడు.

శశిభూషణ్ తన గదికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. సొరుగులో క్యాలెండరూ మిగతా చెత్తా తీసి కింద పారేసి, నోటుపుస్తకం బయటికి లాగాడు. చివరి పేజీలో గుండ్రటి అక్షరాలతో ఉంది:

'నూకరాజు, 18. కాళ్ళు రావని ఇంకా చెప్పలేదు. సార్ చెప్పరు. రేపు చెప్పాలి. అంతకంటే ముందు లోవకుమారికి కాపడం పెట్టొద్దని చెప్పాలి. ఇటుక, ఇసుకమూట, వేడినీళ్ళు, మూడూ వద్దని. స్పర్శ లేని కాలికి వేడి తెలియదు. వాళ్ళ అమ్మకి పక్షవాతం వస్తే ఇటుకతో కాచేవాళ్ళట, మాటల్లో అంది. తప్పకుండా చేస్తుంది.'

ఆర్డరు ఇచ్చిన రోజు తేదీ. ముప్ఫై నాలుగు రోజుల కిందట. చదవడానికి నిమిషం కూడా పట్టదు. శశిభూషణ్ మళ్ళీ చదివాడు. సిగ్గు అంటే అతనికి ఇంతవరకూ ఇతరులు పడాల్సిన విషయంగానే తెలుసు.

పాదం తీసెయ్యాలి. రెండు రోజులు ఆగితే విషం రక్తంలోకి ఎక్కుతుంది, మనిషి దక్కడు. కానీ నూకరాజు కాగితం మీద వేలిముద్ర వెయ్యనన్నాడు.

"నడవబోయే కాలు ఎలా తీసేత్తారండి? పుండు మానిపోద్ది. నాకు బాగా మానుతుందని మీరే అన్నారు కదండీ. దండేసి ఫోటో కూడా తీశారు."

న్యాయమైన మాట. ఆ కాలు ఎందుకు అక్కర్లేదో చెబితే తప్ప అతను ఒప్పుకోడు. గోపీనాథ్‌ని చెప్పమంటే మత్తు సంగతి తప్ప తనకేం సంబంధమన్నాడు. ప్రమీల డాక్టర్లు చెప్పాల్సినవి నర్సులు చెబితే బాగోదంది. ఫిజియోథెరపిస్టుకి హఠాత్తుగా ఇంకో వార్డులో పని పడింది. ముగ్గురూ మూడు గుమ్మాల్లోంచి మాయమయ్యారు. బస్సు పాసుల ఆవిడ ఒక్కతీ రోజూ చేసిన పనికి ఆ అంతస్తులో మగాడుగానీ ఆడదిగానీ దొరకలేదు.

చివరికి శశిభూషణే చెప్పాడు. మంచం పక్కన నిలబడి, కేసుషీటు చేతిలో పట్టుకుని, గబగబా చెప్పాడు. వెన్ను నరం తెగిపోయింది, కాళ్ళు రావు, ఇక ఎప్పటికీ రావు, కాబట్టి పాదం తీసేసినా తేడా ఉండదు. తేడా ఉండదన్న మాట నోట్లోంచి వచ్చాక అతనికే వినబడింది. నూకరాజు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. శశిభూషణ్ ఒక్క క్షణం ఆగి, "మిగతావి," అని మొదలుపెట్టి, మిగతాకి ఎవరూ లేరని గుర్తొచ్చి బయటికి నడిచాడు. మొత్తం రెండు నిమిషాలు పట్టింది.

సాయంత్రం తెరమీద అతని పేరు అడుగున ఉంది. మైనస్ నలభై నాలుగు.

"ఏం సార్, ఎస్తేరు పూనిందా?" అన్నాడు గోపీనాథ్. గది అంతా నవ్వింది. నెల కిందట నవ్విన గొంతులే. ఆ నవ్వు ఇటువైపు నుంచి వింటే ఎలా ఉంటుందో శశిభూషణ్‌కి ఇప్పుడు తెలిసింది.

అక్కణ్ణుంచి తిన్నగా మెట్లకింద గదికి వెళ్ళాడు. ఎస్తేరు బల్ల ఉన్నచోట ఇప్పుడు సర్వరు గుయ్యిమంటోంది. యంత్రాన్ని చూసుకునే ఇంజనీరు తాహెరా స్టూలు మీద కూర్చుని సమోసా తింటోంది.

"ఒక మనిషి వచ్చి వెళ్ళాక ఎంతసేపటి మాన్పు వాళ్ళ ఖాతాలో వేస్తున్నాం?"

"పావుగంట, సార్."

"పావుగంటేమిటి? పుండు పావుగంటలో మానుతుందా? ఎవరు పెట్టారది?"

తాహెరా సమోసా కింద పెట్టింది. "మీరే సార్. మూడు రోజులు చూద్దామా అని నేనడిగాను. మంచం దగ్గర మనవాళ్ళెవరూ పావుగంటకి మించి ఉండరు కదా, అంతకంటే ఎందుకు అన్నారు."

అన్నాడు. గుర్తొచ్చింది. రోగం ఎంతసేపుంటుందో ఆలోచించకుండా, తాము ఎంతసేపుంటారో దాన్నిబట్టి కాలాన్ని కత్తిరించాడు. ఇంత పెద్ద తప్పు చెయ్యడానికి కూడా కొంత అహంకారం కావాలి, అది వాళ్ళకి పుష్కలంగా ఉంది.

"మూడు రోజులకి గీసి చూపించు."

ఆమె గీసింది. శశిభూషణ్ గీత పావుగంట లేచి, మధ్యాహ్నానికి చప్పగా నేలకి అంటుకుపోయింది. ఎస్తేరు గీత మొదటి రోజంతా కిందే ఉంది. రెండో రోజు కదిలింది. మూడో రోజు మధ్యాహ్నానికి తెరమీది పేర్లన్నిటినీ దాటి పైకి వెళ్ళి, అక్కడే నిలబడింది. ఏడేళ్ళ బిడ్డ బతకడని విన్న తల్లి మూడో రోజున అన్నం తిన్నది. కాలు పోయినవాడు మూడో రోజున నిద్రపోయాడు. ఎస్తేరు లేని నెలలో లేచిన మాన్పు మాటేమిటని కూడా అడిగాడు. తాహెరా తల వంచుకుంది. తిరిగొచ్చిన వాళ్ళని యంత్రం కొత్త పేషెంట్లుగా లెక్కేస్తోందట. ఆ నెలలో వెళ్ళినవాళ్ళలో నూకరాజు కాక ఇంకా పదముగ్గురు తిరిగొచ్చారట.

మర్నాడు పొద్దున్నే ఆ గీతలన్నీ సమావేశంలో పెట్టాడు. చెబుతున్నంతసేపూ గోపీనాథ్ ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు. అయ్యాక డైరెక్టరు మహీధర్ చప్పట్లు కొట్టాడు.

"అద్భుతం! అంటే నిజం చెప్పడమనేది ఒక చికిత్సన్నమాట. మరి ఇంత ముఖ్యమైన పని డాక్టర్లు చెయ్యకపోతే ఎలా? దీనికి మంచి పేరొకటి పెట్టి, అందరికీ మూడు రోజులు శిక్షణ ఇద్దాం. మీరే మొదటి ఉపన్యాసం ఇవ్వాలి శశిభూషణ్ గారూ."

"ఎస్తేరు గారు?"

"ఆవిడ్నీ పిలుద్దాం, తప్పేముంది! కుర్చీలు, టీ అవీ చూసుకుంటారు. పోస్టు సంగతంటారా, పని మనమే చేస్తున్నప్పుడు ఇక ఆ పోస్టెందుకు? ఫైలు మీ బల్లమీదే ఉంది, సంతకం చేసి పంపండి."

శశిభూషణ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఈ మనుషుల మధ్య తను ఒక్కడే తెలివైనవాణ్ణనుకున్నాడు. ఇప్పుడు చూస్తే వాళ్ళకీ తనకీ ఉన్న తేడా ఒక్క రోజు. నిన్నటిదాకా తనూ ఇదే మాట అనేవాడు, ఇంకా నున్నటి భాషలో అనేవాడు. ఫైలు తెచ్చి, అందరూ చూస్తుండగా దానిమీద 'ఒప్పుకోను' అని పెద్ద అక్షరాలతో రాసి, డైరెక్టరు ముందు పెట్టి బయటికి వచ్చేశాడు.

వార్డులో నూకరాజు గోడవైపే ఉన్నాడు. నిన్నటినుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదని ప్రమీల చెప్పింది. జ్వరం నూట మూడు. లోవకుమారి బట్టలు తేవడానికి పొద్దున్న బస్సుకి ఊరెళ్ళింది, సాయంత్రానికి వస్తుంది. వేలిముద్ర పడలేదు.

శశిభూషణ్ గేటు దగ్గరికి వెళ్ళాడు. పాసుల కిటికీ ముందు క్యారేజీలు, ఫ్లాస్కులు పట్టుకుని పదిహేను మంది నిలబడి ఉన్నారు. తెల్లకోటు చూసి ముందుకు వెళ్ళమని దారిచ్చారు. అతను వెళ్ళకుండా వరసలో నిలబడ్డాడు. అతని వంతు వచ్చేసరికి మూడున్నర దాటింది.

"నోటుపుస్తకం చదివాను," అన్నాడు.

"ఎప్పుడండి?"

"నిన్న."

ఎస్తేరు కళ్ళు మూసుకుని తెరిచింది.

"మీరు రావాలి. నేను చెప్పాను, కానీ అతను గోడవైపు తిరిగిపోయాడు. మీరొచ్చి మాట్లాడండి. ఆర్డరు ఇప్పుడే రద్దు చేస్తాను."

"రద్దు చెయ్యండి. రేపటినుంచి వస్తాను. ఇవాళ నూకరాజు దగ్గరికి మాత్రం రాలేనండి." ఆమె గొంతు మెత్తగానే ఉంది, మాట మాత్రం కదలలేదు. "చెప్పింది మీరు. చెప్పినవాళ్ళే కూర్చోవాలి. చెప్పి ఒకరు పోయి, ఓదార్చడానికి ఇంకొకరు వస్తే, ఆ మాట ఎంత భయంకరమైందో చెప్పినవాడే పారిపోయాడని వాళ్ళకి అర్థమైపోద్ది. ఇరవై ఏళ్ళ నుంచి చూస్తున్నానండి. మీరు పారిపోయారు కదండీ?"

"అవును."

"కోటు ఇక్కడ వదిలెయ్యండి. ఆ బ్యాడ్జీ తీసెయ్యండి, అది మెడలో ఉంటే పావుగంట కాగానే అంకె గుర్తొస్తుంది, మీరు లేస్తారు." పాసుల పుస్తకం ముందుకు లాక్కుంది. "పేరు అవసరాల శశిభూషణ్. మంచం పద్దెనిమిది. రోగికి మీరేమవుతారు?"

శశిభూషణ్ నోరు తెరిచి ఊరుకున్నాడు.

"ఈ గడి ఖాళీగా వదిలేస్తున్నానండి. నాలుగింటినుంచి ఆరింటిదాకా. మీరేమీ చెప్పక్కర్లేదు. అడిగితే నిజం చెప్పండి. అడక్కపోతే కూర్చోండి." పాసు చింపి ఇచ్చింది. "వెనక జనం ఉన్నారు సార్, కాస్త జరగండి."

నాలుగో అంతస్తులో స్టూలు ఎక్కడుంటుందో ఇన్నేళ్ళ సర్జనుకి తెలియదు. సింహాచలం తెచ్చి వేశాడు. శశిభూషణ్ దానిమీద కూర్చున్నాడు. ఎదురుగా నూకరాజు వీపు. గోపీనాథ్ గుమ్మం దగ్గర ఆగి, కోటులేని స్నేహితుణ్ణి ఎగాదిగా చూసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అయిదు నిమిషాలు. పది. పన్నెండో నిమిషంలో కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఎవరో పిలిచినట్టనిపించింది. పిలవలేదు. ఫోను మోగినట్టనిపించింది. మోగలేదు. వాసంతి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. స్టూలు అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు. పావుగంట దాటింది. అరగంట దాటింది. అంతసేపు ఏ పనీ చెయ్యకుండా ఒక మనిషి పక్కన కూర్చోవడం అతనికి ఆరు గంటల ఆపరేషన్ కంటే కష్టంగా ఉంది.

"ఇంకా ఉన్నారాండీ?" అన్నాడు నూకరాజు, గోడవైపు నుంచే.

"ఉన్నాను."

నూకరాజు మళ్ళీ అడిగాడు. "మీకెప్పటి నుంచి తెలుసండి?"

"మొదటి వారం నుంచి."

నూకరాజు మెల్లిగా మొహం తిప్పాడు. కళ్ళు జ్వరంతో ఎర్రగా ఉన్నాయి. "మరి రోజూ నవ్వుతా ఎల్లేవోరు కదండీ."

ఆ మాటలో కోపం లేదు, ఏవగింపు ఉంది. శశిభూషణ్ తల వంచుకోబోయి, వంచుకోకుండా అతని కళ్ళలోకే చూశాడు. "అవును నూకరాజూ. నవ్వుతూ వెళ్ళేవాణ్ణి."

"సెట్టు మీంచి పడ్డప్పుడు కూడా ఇంత బాధ లేదండి." నూకరాజు దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. శశిభూషణ్ అతని భుజం తట్టలేదు. తట్టడానికి తనకిక హక్కు లేదనిపించింది. మంచం అంచు మీద చెయ్యి మాత్రం ఆనించి ఉంచాడు. కింద సర్వరులో పద్దెనిమిదో మంచం అంకె పాతాళానికి పడిపోయి ఉంటుంది. శశిభూషణ్ పేరు పక్కన ఆ గంట ఖాళీ.

ఏడుపు తగ్గాక నూకరాజు మంచినీళ్ళు అడిగాడు. తాగి, కాగితం ఇటివ్వమన్నాడు. బొటనవేలు సిరా డబ్బాలో అద్ది, ఎక్కడో చూపించమని, ఒత్తి వేశాడు. అప్పటికి ఆరు కావస్తోంది. పాసు గడువు అయిపోతోందని శశిభూషణ్ లేవబోయాడు.

"ఎక్కడికండీ?" అన్నాడు నూకరాజు. "లోవ వత్తది ఇప్పుడు. దానికి మీరే సెప్పాలి. కాళ్ళ సంగతి తరవాత. ముందు ఇటిక దాని తప్పు కాదని సెప్పండి."

"చెబుతాను."

"ఎవరిదో కూడా సెప్పండి."

వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది. గుడ్డసంచీ చంకలో పెట్టుకుని లోవకుమారి లోపలికి వస్తోంది. శశిభూషణ్ స్టూలు కాస్త పక్కకి జరిపి, ఆమెకి చోటిచ్చి, మళ్ళీ కూర్చున్నాడు.